బైపాస్‌కి సర్కారు దవాఖానానా, ప్రైవేటా?

నాన్నగారికి గుండెకి బైపాస్ ఆపరేషన్ చేయాలన్నారు, రేషన్ కార్డు ఉంది, హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలని అడిగారు కదా. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. బైపాస్ అందులో ఉంది కాబట్టి, జాబితాలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలోనూ ఆపరేషన్ ఉచితమే.

తేడా అంతా ఆపరేషన్‌కి ముందే. ప్రైవేటులో ఓపీ ఫీజు, పరీక్షలు మొదట జేబులోంచే పోవచ్చు. చేరకముందే ఆరోగ్యమిత్రను (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే మనిషిని) కలిసి, ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చాకే అడ్మిట్ చేయించండి. ‘ముందు కట్టండి, తర్వాత చూద్దాం’ అంటే ఒప్పుకోకండి. సర్కారు దవాఖానాలైన నిమ్స్, గాంధీ, ఉస్మానియాల్లో డాక్టర్ల అనుభవానికి లోటు లేదు. ఓపిక మాత్రం కావాలి: తెల్లారకముందే క్యూ, స్ట్రెచర్ తోయడానికి ఇంటి మనిషి. అలా తిరిగేవాళ్లుంటే నేనైతే నిమ్స్‌కే వెళ్తాను. అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే మాత్రం దగ్గర్లో ఏది ఉంటే అదే.