నీళ్లు ఎక్కడ పోతున్నాయో తేలకుండా అప్పు ఎందుకు?

ప్రశ్న: శంకర్‌పల్లి దగ్గర మాకు చిన్న ఫామ్‌హౌస్ ఉంది. అందులో 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న స్విమ్మింగ్ పూల్‌కు ఐదు నెలల క్రితం ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి 6.5 లక్షలు ఖర్చు పెట్టాం. పాత టైల్స్ తీయించి గ్లాస్ మొజాయిక్ వేయించాం, లైట్లు, కొన్ని పైపులు మార్పించాం. ఇప్పుడు నీటి అంచు దగ్గర టైల్స్ ఊడిపోతున్నాయి. రోజుకు అంగుళంన్నర నీరు తగ్గుతోంది, ట్యాంకర్లకే నెలకు 11 వేలు అవుతోంది. మొత్తం పగలగొట్టి మళ్లీ వేయాలంటూ కాంట్రాక్టరు 5.5 లక్షలు అడుగుతున్నాడు. అతనికి పాత బాకీ 50 వేలు ఇంకా ఇవ్వాలి. చేతికొచ్చే జీతం 1.35 లక్షలు, ఇల్లు, కారు వాయిదాలు 56 వేలు, ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు 58 వేలు. బ్యాంకులో 70 వేలున్నాయి. వారాంతాల్లో పూల్‌తో సహా అద్దెకిస్తే వారానికి 12 వేలు వస్తాయి. పర్సనల్ లోన్ తీసుకోవాలా, నా భార్య బంగారం కుదువ పెట్టాలా?

సమాధానం: రెండూ వద్దు. ఇల్లు, పూల్, బోరు, పైకప్పు ఏదైనా సరే, మరమ్మతు చేయించి చేతులు కాల్చుకున్నవారిలో చాలామంది మీలాగే రెండో అడుగు దగ్గర తప్పు చేస్తున్నారు. లోపం ఎక్కడుందో తేలకముందే దాన్ని సరిచేయడానికి అప్పు ఎక్కడ దొరుకుతుందని వెతకడం మొదలుపెడుతున్నారు. మీ ఉత్తరాన్ని ఇక్కడ వివరంగా తీసుకోవడానికి కారణం అదే.

మీ కాంట్రాక్టరు మాటలో ఒక పెద్ద లొసుగు ఉంది. పూల్‌లో నీటిని ఆపేవి టైల్స్ కావు, వాటి వెనుక ఉన్న కాంక్రీటు గోడ, దాని మీద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పూత. అంచున పది టైల్స్ ఊడినంత మాత్రాన రోజుకు అంగుళంన్నర నీరు పోదు. అంటే మీకున్నవి బహుశా రెండు వేర్వేరు సమస్యలు. టైల్స్ మొత్తం మళ్లీ వేయించినా కారడం ఆగుతుందని ఎవరూ చెప్పలేరు. ఆగకపోతే 5.5 లక్షల అప్పూ మిగులుతుంది, ట్యాంకర్ల ఖర్చూ మిగులుతుంది.

మీ పూల్ కొలతలకు ఒక్క అంగుళం నీరంటే వెయ్యి లీటర్లకు పైమాటే. అంగుళంన్నర అంటే రోజుకు దాదాపు 1,600 లీటర్లు, మూడు రోజులకు ఒక 5,000 లీటర్ల ట్యాంకర్. ఎండాకాలంలో కొంత నీరు ఆవిరైపోవడం సహజమే గానీ ఇంత పోదు. ఎంత ఆవిరవుతోందో, ఎంత కారుతోందో తేల్చడానికి ఒక బకెట్ చాలు. బకెట్‌లో పూల్ నీరే నింపి, కదలకుండా లోపల ఒక రాయి వేసి, పూల్ మెట్టు మీద పెట్టండి. బకెట్ లోపలి మట్టం, బయట పూల్ మట్టం సమానంగా ఉండేలా చూసుకొని రెండు చోట్లా గీత గీయండి. ఆ 24 గంటలూ ఎవరూ ఈత కొట్టకూడదు, కొత్తగా నీరు వదలకూడదు. మర్నాడు బకెట్‌లో తగ్గినది ఆవిరి, పూల్‌లో అంతకన్నా ఎక్కువగా తగ్గినదంతా లీకేజీ. ఇదే పరీక్షను ఒకరోజు మోటారు నడుపుతూ, మరొకరోజు మోటారు ఆపి చేయండి. మోటారు నడిచిన రోజున ఎక్కువగా తగ్గితే, ఫిల్టరు నుంచి పూల్‌లోకి నీటిని తిరిగి పంపే పైపుల మీద అనుమానం పెరుగుతుంది. రెండు రోజులూ ఒకేలా తగ్గితే గోడలోనో, లైట్ల దగ్గరో, నీటిని పీల్చే స్కిమ్మర్ చుట్టూనో చూడాలి.

ఆ తర్వాత మోటారు ఆపి నీటిని దానంతట దాన్ని తగ్గనివ్వండి. అది ఏ మట్టం దగ్గర ఆగితే లోపం ఆ ఎత్తులోనే ఉందని ఎక్కువ సందర్భాల్లో చెప్పవచ్చు. లైట్ల ఎత్తుకు వచ్చి ఆగిందనుకోండి, లైటు వెనుక వైరు వెళ్లే గొట్టం గుండా నీరు పోతోందని అనుమానించాలి. రీమోడలింగ్ తర్వాత తరచుగా కనిపించే లోపం ఇది. స్కిమ్మర్ నోటి దగ్గర ఆగితే, ఆ ప్లాస్టిక్ భాగం కాంక్రీటును కలిసే అతుకు విడిపోయి ఉండవచ్చు. కదలని నీటిలో సిరంజితో కొంచెం రంగు వదిలితే, లీకు ఉన్న చోట ఆ రంగు లోపలికి లాగేసుకోవడం కంటికి కనిపిస్తుంది. వీటన్నిటికంటే ముందు ఫిల్టరు బ్యాక్‌వాష్ పైపు, అంటే ఫిల్టరును కడిగిన మురికి నీరు బయటకు పోయే పైపు, చివర చూడండి. ఫిల్టరు మామూలుగా నడుస్తున్నప్పుడు అక్కడ నీరు కారుతుంటే, వాల్వులోని చిన్న రబ్బరు గాస్కెట్ పాడై ఉండవచ్చు. గాస్కెట్ మార్చడానికి ఎవరూ బంగారం కుదువ పెట్టరు కదా.

ఇక టైల్స్ సంగతి. ఒక రూపాయి నాణెంతో ఊడిన చోటు చుట్టూ, ఆపై నాలుగు గోడల మీదా మెల్లగా తట్టుతూ వెళ్లండి. గట్టిగా పట్టుకున్న టైల్ ఒకలా మోగుతుంది, వెనుక ఖాళీ ఉన్నది గుల్లగా మోగుతుంది. గుల్లగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గుర్తుపెట్టి ఫొటోలు తీయండి. గుల్ల శబ్దం నీటి అంచు వరసకే పరిమితమైతే, చుట్టూ ఉన్న నడకదారి రాతిపలకలు ఎండకు వ్యాకోచించి అంచును నెడుతున్నాయని అర్థం కావచ్చు. నడకదారికీ పూల్ అంచుకూ మధ్య సాగే గుణమున్న సీలెంటుతో నింపిన సందు ఉందో లేదో చూడండి. ఆ సందు లేకపోతే ఎన్నిసార్లు అతికించినా ఆ వరస ఊడుతూనే ఉంటుంది. గోడలన్నీ గుల్లగా మోగితే మాత్రం తప్పు జిగురు ఎంపికలోనో, ప్లాస్టరు, జిగురు పూర్తిగా ఆరకముందే నీరు నింపడంలోనో ఉండవచ్చు. అప్పుడు అది మీ బాధ్యత కాదు, పని చేసినవాడిది.

ఇన్ని చేశాక కూడా చోటు తేలకపోతే, మీ కాంట్రాక్టరుతో సంబంధం లేని వ్యక్తితో పైపులకు ప్రెషర్ టెస్ట్, అంటే పైపులను మూసి ఒత్తిడి పెట్టి కారుతున్నాయేమో చూసే పరీక్ష, చేయించండి. దీనికి నేను పెట్టే గరిష్ఠ పరిమితి 20 వేలు. అది మీ 70 వేలలోంచి తీయండి. కాంట్రాక్టరు బాకీ 50 వేలు కారణం తేలేవరకూ ఇవ్వకండి, మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క పట్టు అది. ఎందుకు ఆపుతున్నారో మర్యాదగా, లిఖితపూర్వకంగా, ఫొటోలతో సహా ఇప్పుడే పంపండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. అయితే మీరు పూల్‌ను అద్దెకిస్తున్నారు కాబట్టి ఇది వాణిజ్య అవసరమని అవతలివాళ్లు వాదించే వీలుంది. న్యాయవాదిని ముందే అడగండి.

ఇప్పుడు నా అసలు ఆందోళన. మీ నెలవారీ తప్పనిసరి ఖర్చు 1.14 లక్షలు. ఆరు నెలలకు 6.84 లక్షలు మీ అత్యవసర నిధిగా ఉండాలి. ఐదు నెలల క్రితం దాదాపు అంత సొమ్మూ మీ దగ్గర ఉంది, దాన్ని మీరు పూల్‌లో పోశారు. టైల్స్ ఊడటం కంటే నన్ను కలవరపెడుతున్నది ఇదే. రేపు ఉద్యోగం పోతే మీ 70 వేలతో మూడు వారాలు కూడా గడవదు. ఆ స్థితిలో ఉన్న కుటుంబం మీద 14 శాతం వడ్డీతో ఐదేళ్లకు 5.5 లక్షల పర్సనల్ లోన్ పెడితే, నెలకు దాదాపు 12,800 వాయిదా, మొత్తం మీద దాదాపు 2.18 లక్షల వడ్డీ. మీకు మిగిలేది 21 వేలు. వాయిదా పోను 8,200. లీకు ఆగకపోతే ట్యాంకర్లకు 11 వేలు. అంటే వాయిదా కడుతూ ప్రతి నెలా లోటులో బతకాలి. ఆ లోటును క్రెడిట్ కార్డుతోనో, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అప్పుతోనో పూడ్చుకోవడం మొదలైతే అక్కడినుంచి బయటపడటం చాలా కష్టం.

వారాంతపు అద్దెతో వాయిదా కట్టవచ్చన్న లెక్క దయచేసి వదిలేయండి. వానాకాలంలోనూ చలికాలంలోనూ ఆ 12 వేలు రావు, వాయిదా మాత్రం ప్రతి నెలా వస్తుంది. అసలు ఇప్పుడు అతిథులను పూల్‌లోకి దింపడమే ప్రమాదం. ఊడిన గ్లాస్ టైల్ అంచు కాళ్లను కోస్తుంది. లైటు గొట్టంలోకి నీరు చేరి ఉంటే, ఎలక్ట్రీషియన్ పరీక్షించేవరకూ ఆ లైట్ల స్విచ్ వేయకూడదు. అతిథికి ఏదైనా జరిగితే సాధారణ ఇంటి బీమా మిమ్మల్ని ఆదుకోదు. అద్దె మళ్లీ మొదలుపెట్టే ముందు లయబిలిటీ పాలసీ తీసుకోండి. బంగారం విషయానికొస్తే, మీ నిధి ఖాళీ అయ్యాక మీ ఇంట్లో ఆ పాత్ర పోషించగలిగినది అదొక్కటే. దాన్ని తాకకండి. పీఎఫ్ కూడా ఇందుకు కాదు.

చిన్న ఖర్చుతో లీకు ఆగితే మంచిదే. ఆగకపోతే నీటిని లీకు మట్టానికి దిగువన నిలిపి, క్లోరిన్ వేస్తూ, దోమలు చేరకుండా చూసుకుంటూ పూల్‌ను అలాగే ఉంచండి. పూర్తిగా ఖాళీ చేయకండి. వానాకాలంలో చుట్టూ నేలలో నీరు పెరిగితే ఖాళీ పూల్ పైకి లేచి పగిలే ప్రమాదముంది. ట్యాంకర్లు ఆగుతాయి కాబట్టి ఆ 21 వేలూ ప్రతి నెలా జీతం పడిన రోజే విడి ఖాతాలోకి వెళ్లాలి. మూడు నెలల ఖర్చు, అంటే 3.42 లక్షలు, కూడడానికి దాదాపు ఏడాదిన్నర పడుతుంది. అంతవరకూ పూల్‌కు కొత్తగా ఒక్క రూపాయి కేటాయించవద్దు. పిల్లలు అడుగుతారు, నిజమే. వాళ్ల ఫీజులకు భరోసా ఉండటం ఈతకంటే ముఖ్యం.

ఆ తర్వాత పని మళ్లీ చేయించేటప్పుడు డబ్బును దశలవారీగా ఇవ్వండి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, పూల్ నింపి కొన్ని రోజులు మట్టం గమనించాలని ఒప్పందంలో రాయించండి. మొత్తంలో పదో వంతు మాత్రం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాకే చెల్లిస్తామని ముందే సంతకం పెట్టించుకోండి.