పాత ఐ3 కంప్యూటర్‌కి ప్రాసెసర్ ఒక్కటే మార్చాలా, బోర్డు కూడా మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. విజయనగరంలో మీ ఇంట్లో 2014లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఉంది. ఇంటెల్ ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. అబ్బాయి ఇంజినీరింగ్ సీఎస్‌ఈలో చేరాడు. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే సిస్టమ్ మొరాయిస్తోంది, విండోస్ 11 వేద్దామంటే ఈ ప్రాసెసర్‌కి కుదరదంటోంది. చేతిలో పాతిక వేలు ఉన్నాయి. షాపులో ఐ7 కాంబో, అంటే ప్రాసెసర్, బోర్డు కలిపి ఇచ్చే సెట్, చవగ్గా ఇస్తామన్నారు. అది తీసుకోవాలా, ఉన్న బోర్డులోనే పెద్ద ప్రాసెసర్ పెట్టాలా, లేక మొత్తం మార్చాలా అని అడిగారు.

కాంబో వద్దండి. ఉన్న బోర్డులో ప్రాసెసర్ మార్చడం కూడా మీ అవసరానికి దండగే. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి మార్చండి. వాటితోపాటు ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు అందించే పవర్ సప్లై కూడా.

మాది శ్రీకాకుళం. ఇంట్లోనే డీటీపీ పని చేస్తుంటాం. స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, పెళ్ళికార్డులు, దసరా వస్తే కమిటీల కరపత్రాలు. మాదీ అచ్చం మీలాంటి హెచ్81 సిస్టమే. దాన్ని తీసేసి ఐ3-12100, హెచ్610 బోర్డు పెట్టుకున్నాం. బొబ్బిలిలో ఉన్న మా బావ మాత్రం ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ550 బోర్డు తీసుకున్నాడు. రెండు సిస్టమ్‌లూ బిగించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూసిందే రాస్తున్నాను.

ముందు ఆ ఐ7 సంగతి. చాలామంది ఐ3, ఐ5, ఐ7 అన్న పేరు చూసే బేరమాడేస్తారు. చూడాల్సింది ఆ తర్వాత ఉండే నంబరు. అందులో చివరి మూడంకెలు తీసేస్తే మిగిలేదే తరం. 4130 అంటే నాలుగో తరం, 12100 అంటే పన్నెండో తరం. చవక కాంబోల్లో ఇచ్చే ఐ7 సాధారణంగా 2600 గానీ 3770 గానీ అయి ఉంటుంది. 2600 వచ్చింది 2011లో. అంటే మీ ఐ3 కంటే అదే పాతది! దానికి ఏదో పేరు తెలియని కంపెనీ హెచ్61 బోర్డు తగిలించి కొత్త పెట్టెలో పెట్టి అమ్ముతారు. బోర్డు కొత్తదే కావచ్చు, ప్రాసెసర్ మాత్రం ఏ ఆఫీసులోనో పదేళ్ళు పనిచేసి వచ్చిందే. నేనూ ఒక షాపులో అడిగితే ఆ కుర్రాడు "ఐ7 ఉంది కదండీ మాస్టారూ, ఇంకేటి కావాలి?" అన్నాడు. ఎన్నో తరం తమ్ముడూ అని అడిగితే నవ్వేసి వేరే కస్టమర్ వైపు తిరిగిపోయాడు.

మీ హెచ్81 బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఎల్‌జీఏ 1150. అందులో ఐ7-4770 లాంటిది పెట్టుకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది కూడా. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). మీ దానికున్నవి రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు కాబట్టి తేడా తెలుస్తుంది. కానీ విండోస్ 11 గోడ అక్కడే ఉంటుంది. ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచే అధికారికంగా కుదురుతుంది, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్ళలో వాడేవాళ్ళకి అదనపు భద్రతా అప్‌డేట్లు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. అడ్డదారిలో విండోస్ 11 వేసేవాళ్ళు ఉన్నారు గానీ, అలాంటి సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. నాలుగేళ్ళ చదువుకి అలాంటి ఏర్పాటు మీద ఆధారపడమని నేను చెప్పలేను.

పోనీ 8వ తరం ప్రాసెసర్ తెచ్చి ఈ బోర్డులోనే పెడితే? కూర్చోదు, సాకెట్టే వేరు. మీలాగే అడిగే మరికొందరి కోసం ఇంకో మాట: 6, 7 తరాలకీ 8, 9 తరాలకీ సాకెట్ పేరు ఒకటే, ఎల్‌జీఏ 1151. అయినా పాత హెచ్110 బోర్డులో 8వ తరం ప్రాసెసర్ నడవదు. సాకెట్ పేరు కలిసింది కదా అని కొనేయకుండా, బోర్డు కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి సపోర్టు ఉన్న ప్రాసెసర్ల జాబితా చూడండి. మీ బోర్డు మోడల్ తెలియాలంటే క్యాబినెట్ విప్పక్కర్లేదు. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ దగ్గర రాసి ఉంటుంది.

ఇక ఏం కొనాలి. మీ అబ్బాయి పనికి ఐ5-12400 బాగా సరిపోతుంది, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. బడ్జెట్ బిగుసుకుంటే ఐ3-12100 చాలు. నాలుగు కోర్లే అయినా పాత ఐ7-4770 దీని దరిదాపుల్లోకి రాదు. మా ఇంట్లో ఒక పక్క ఫోటోషాప్‌లో ఫ్లెక్సీ సైజు ఫైలు, ఇంకో పక్క పేజ్‌మేకర్, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిచి ఉన్నా ఇబ్బంది పెట్టడం లేదు. ఏఎండీ వైపు వెళితే రైజెన్ 5 5600జీ. దాంట్లో లోపలున్న గ్రాఫిక్స్ ఈ ఇంటెల్ వాటికంటే మెరుగు. మా బావ కొడుకు గ్రాఫిక్స్ కార్డు లేకుండానే చిన్న చిన్న గేములు ఆడేస్తుంటాడు. మీవాడికి గేముల పిచ్చి ఉంటే అదే తీసుకోండి. పిచ్చి లేదని మీరనుకుంటున్నా ఒకసారి వాడినే అడగండి.

అక్షరాలు జాగ్రత్త. ఇంటెల్‌లో నంబరు చివర ఎఫ్ ఉంటే, అంటే 12100ఎఫ్, 12400ఎఫ్ అయితే లోపల గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు పెట్టకపోతే మానిటర్‌లో బొమ్మ రాదు. ఏఎండీ 5600 కూడా అంతే, 5600జీ అయితేనే గ్రాఫిక్స్ ఉంటుంది. ఎఫ్ మోడల్ కాస్త తక్కువకి వస్తుంది కాబట్టి షాపులో అదే ముందు చూపిస్తారు.

బోర్డు విషయంలో ఎక్కువమంది తడబడేది ర్యామ్ దగ్గర. మీ డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డుల్లో పట్టదు, దాని గాడి వేరే చోట ఉంటుంది. హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4 రకం, డీడీఆర్5 రకం రెండూ ఉన్నాయి. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, చివర డీ4 అని ఉందా లేదా అన్నంత తేడా. బోర్డు, ర్యామ్ వేర్వేరు చోట్ల కొంటే ఇక్కడే దొరికిపోతారు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి మెమరీ కంపెనీలు అటే మొగ్గడం వల్ల వచ్చిన తంటా ఇది. అందుకే ఇక్కడ ర్యామ్ రేటు రాయడం లేదు, నేను రాసేది మీరు చదివేసరికి మారిపోతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: డబ్బు చాలకపోతే ప్రాసెసర్‌లో తగ్గండి, ర్యామ్‌లో తగ్గకండి. ఆండ్రాయిడ్ స్టూడియోతో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచేది) కూడా నడవాలంటే 16 జీబీ ఉండాలి. 8 జీబీతో ఉన్న ఐ5 కంటే 16 జీబీతో ఉన్న ఐ3 మీవాడికి ఎక్కువ పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్ డీడీఆర్4 దొరికితే తీసుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడిపించి ఎర్రర్లు లేకపోతే డబ్బులివ్వండి. సెకండ్ హ్యాండ్ బోర్డు మాత్రం ఫ్రీగా ఇచ్చినా నేను ముట్టుకోను.

డీడీఆర్5, ఏఎండీ వాళ్ళ కొత్త ఏఎం5 సాకెట్ తీసుకుంటే రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు కదా అని ఎవరో ఒకరు కింద తప్పకుండా అంటారు. నిజమే. దానికి ముందు సాకెట్ ఏఎం4; 2017 నాటి ఆ బోర్డులు కొన్ని బయాస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో రైజెన్ 5000 దాకా లాక్కొచ్చాయి. కానీ ఇళ్ళలో కంప్యూటర్ కొన్నవాళ్ళు మధ్యలో ప్రాసెసర్ ఒక్కటే మార్చింది నేను చూడలేదు. పదేళ్ళు వాడి మొత్తం మార్చేస్తారు, మీరూ అదే చేస్తున్నారు. పాతిక వేలలో దాని గురించి ఆలోచించకండి.

మీ మానిటర్ వెనక ఏ పోర్టు ఉందో చూసుకోండి. వీజీఏ మాత్రమే ఉంటే వీజీఏ ఉన్న బోర్డే అడగండి, హెచ్610లో అలాంటివి ఇంకా వస్తున్నాయి. హార్డ్ డిస్క్ మీదే విండోస్ నడుపుతున్నారు కాబట్టి బోర్డులో ఎం.2 స్లాటు ఉండేలా చూసి, అందులో చిన్నదైనా ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే డిస్కు) పెట్టండి. పాత డిస్కు ఫోటోలకీ సినిమాలకీ ఉంచుకోవచ్చు. అసలు ఇప్పుడు మీకు కనిపిస్తున్న నత్తనడకలో సగం ఆ హార్డ్ డిస్క్‌దే. ఇంట్లో ఉత్తరాలు టైపు చేయడం, కరెంటు బిల్లు కట్టడం వరకే అయితే "పాత బోర్డుకే తగిలే సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి పెట్టి ఊరుకోండి" అనేవాణ్ణి.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు వద్దు. పాత వాటిలో ప్రాసెసర్‌కి వెళ్ళే వైరుకి నాలుగు పిన్నులే ఉంటాయి, కొత్త బోర్డులు చాలావరకు ఎనిమిది అడుగుతాయి. పైగా మన జిల్లాల్లో కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. గాలివాన వచ్చిందంటే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. 2018లో తిత్లీ తుపాను తర్వాత పలాస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేదు. తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజి ఎలా ఉంటుందో తెలుసు కదా. మంచి కంపెనీ 450 వాట్ల, 80 ప్లస్ సర్టిఫికెట్ ఉన్న ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు ధారాళంగా సరిపోతుంది.

ఇంకో పని ఈరోజే చేయండి. సిస్టమ్ ఆన్‌లో ఉండగా క్యాబినెట్ వెనక రంగు లేని ఇనుము మీద వేలి వెనక భాగం తాకించి చూడండి. చిమచిమలాడితే మీ ప్లగ్గుకి ఎర్తింగ్ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే కాస్త కరెంటు భూమిలోకి పోయే దారి లేక క్యాబినెట్ మీదే నిలుస్తుంది. మా పాత ఇంట్లో అలాగే ఉండేది, యూఎస్‌బీ పోర్టులు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. ఎర్తింగ్ గొయ్యిలో మళ్ళీ ఉప్పు, బొగ్గు వేయించి నీళ్ళు పోయించాక ఆ జిల ఆగింది. కొత్త బోర్డు పెట్టేముందే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

కొనేటప్పుడు ప్రాసెసర్ బాక్స్‌ది తీసుకోండి. ఇంటెల్‌కైనా ఏఎండీకైనా బాక్స్ మీద మూడేళ్ళ వారంటీ, మీకు చెప్పిన ఈ మోడళ్ళకి కూలర్ కూడా అందులోనే వస్తుంది. బాక్స్ లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్ అయితే కూలర్ ఉండదు, వారంటీ షాపువాడి నోటిమాట. బిల్లులో బోర్డు, ప్రాసెసర్ సీరియల్ నంబర్లు రాయించండి. బోర్డు పాడైతే ఎక్కడికి పంపాలో, విశాఖకా హైదరాబాద్‌కా, ముందే అడగండి. మా బోర్డు విషయంలో నేను ధర కంటే ఈ ప్రశ్న మీదే షాపు ఎంచుకున్నాను. దసరాకి కొనాలనుకుంటే మాత్రం పైడితల్లమ్మ సిరిమాను జాతర జరిగే మంగళవారం పెట్టుకోకండి, ఆవేళ మీ ఊళ్ళో మూడు లాంతర్ల నుంచి కోట దాకా కాలు పెట్టే చోటుండదు.

బిగించేది షాపులోనైనా మీరు దగ్గరుండండి. ఇంటెల్ బోర్డులో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, వెంట్రుకంత సన్నగా. పైనుండే నల్ల ప్లాస్టిక్ మూత ప్రాసెసర్ పెట్టి లివర్ వేస్తుంటే దానంతటదే ఊడి వస్తుంది. కుర్రాళ్ళు దాన్ని చెత్తబుట్టలో పడేస్తారు. అడిగి తీసుకుని బోర్డు పెట్టెలో దాచండి, వారంటీకి పంపేటప్పుడు ఆ మూత లేకపోతే పేచీ పెడతారు. కూలర్ అడుగున పేస్టు కంపెనీదే పూసి ఉంటుంది, దాని మీద మళ్ళీ పూయనివ్వకండి.

విండోస్ కొత్తగా వేయించండి, పాత డిస్కుని అలాగే తగిలించి నెట్టుకురావద్దు. అంతకుముందే ఫైళ్ళు, తెలుగు ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు వేరే చోట కాపీ చేసుకోండి. పాత సిస్టమ్‌తో కలిసి వచ్చిన విండోస్ ఓఈఎం లైసెన్స్ ఆ బోర్డుతోనే పోతుంది, విడిగా కొన్న రిటైల్ కీ అయితే కొత్తదానికి మార్చుకోవచ్చు. ఎమ్యులేటర్ తెరిస్తే వర్చువలైజేషన్ లేదని వస్తే కంగారుపడొద్దు. బయాస్‌లో ఇంటెల్ అయితే వీటీ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అన్నది ఆన్ చేస్తే సరి.

మీ క్యాబినెట్ ఏ సైజుదో, మానిటర్‌కి ఏ పోర్టు ఉందో కింద రాయండి. ఏ బోర్డు అడగాలో మోడల్ పేరుతో సహా చెబుతాను.