దాచుకున్న పేజీ దొరకాలంటే

ప్రశ్న: పరిశోధన పని మీద రోజూ ఎన్నో వెబ్ పేజీలు చదువుతాను. పనికొస్తాయనుకున్నవన్నీ బుక్‌మార్క్ చేసుకుంటూ పోతే మూడేళ్లలో వందల్లో పోగయ్యాయి. మొన్న అవసరం పడి తెరిస్తే చాలావాటికి 'పేజీ దొరకలేదు' అని వస్తోంది. బ్రౌజర్‌కు తగిలించుకునే వెబ్ క్లిప్పర్ ఎక్స్‌టెన్షన్ వేసుకోమని స్నేహితులు అంటున్నారు. దాంతో నిజంగా పని జరుగుతుందా? ఏది వేసుకోవాలి?

జవాబు: జరుగుతుందండీ, తప్పకుండా వేసుకోండి. బుక్‌మార్క్‌లో ఉండేది చిరునామా ఒక్కటే, ఇంట్లోవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయాక చిరునామా పట్టుకుని ఎంత తిరిగితే ఏం లాభం? ఈ కష్టం మీ ఒక్కరిదే కాదు, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు గడిచేసరికి తెరుచుకోవడం లేదని 2024లో అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క తేల్చింది. క్లిప్పర్ అయితే ఆ క్షణాన పేజీలో ఉన్న వ్యాసాన్నే తెచ్చి మీ నోట్స్‌లో పెడుతుంది. తర్వాత ఆ సైటు మూతబడినా మీ కాపీకి ఢోకా లేదు.

ఏది వేసుకోవాలంటే, మీరు ఇప్పటికే నోట్స్ రాసుకుంటున్న యాప్‌కు ఉన్న క్లిప్పరే వేసుకోండి. వన్‌నోట్, ఎవర్‌నోట్, నోషన్, జోప్లిన్, అబ్సిడియన్ అన్నిటికీ ఉన్నాయి. ఇంకా దేనికీ అలవాటు పడలేదంటే మాత్రం అబ్సిడియన్ గానీ జోప్లిన్ గానీ తీసుకోండి. అబ్సిడియన్ మీ కంప్యూటర్‌లోని మామూలు ఫోల్డర్‌లో మార్క్‌డౌన్ ఫైళ్లుగా, అంటే ఉత్త అక్షరాల ఫైళ్లుగా దాస్తుంది, వాటిని నోట్‌ప్యాడ్‌తో కూడా తెరవొచ్చు. జోప్లిన్ నుంచి కూడా అన్నీ మార్క్‌డౌన్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఫైళ్లు మీ చేతిలోనే ఉండాలని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. వెబ్ పేజీలు దాచుకునే సర్వీసుల్లో 2007 నుంచి నడిచిన పాకెట్ 2025 జులై 8న ఆగిపోయింది. అంతకు ముందే, 2024 నవంబర్‌లో, అలాంటిదే ఆమ్నివోర్ కూడా మూతపడింది. పేజీలు పోతాయన్న భయంతో దాచుకున్న చోటే పోతే ఎవరితో చెప్పుకుంటాం?

ఇంకొక్క మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. క్లిప్ చేయగానే ఆ నోట్‌ను ఒకసారి తెరిచి చూడండి. ప్రకటనలు, మెనూలు తీసేసి అసలు వ్యాసం ఎక్కడుందో క్లిప్పర్ తనే అంచనా వేసుకుంటుంది, ఆ అంచనా కొన్నిసార్లు తప్పుతుంది. నేను ఒకసారి కొలతల పట్టిక ఉన్న పేజీని క్లిప్ చేసి నిశ్చింతగా టాబ్ మూసేశాను. నెలల తర్వాత తెరిస్తే పట్టిక గడులన్నీ కలిసిపోయి అంకెలు ఒకే వరసలో పడి ఉన్నాయి, ఏ అంకె ఏ కొలతదో తెలియడం లేదు, అసలు పేజీ కూడా అప్పటికి లేదు. ఆ పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది, ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి పట్టికలున్న పేజీలకు సింగిల్‌ఫైల్ అనే ఎక్స్‌టెన్షన్ వాడుతున్నాను. పేజీని బొమ్మలతో, అమరికతో సహా ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దింపుతుంది. ఫైలు బరువెక్కుతుంది, ఎక్కనివ్వండి.

ప్రశ్న: అబ్సిడియన్‌లోకి క్లిప్ చేస్తే బొమ్మలు బాగానే కనిపిస్తాయి కానీ నెట్ లేనప్పుడు మాయమవుతున్నాయి. నా సెట్టింగ్‌లో తప్పుందా?

జవాబు: తప్పేం లేదు. అక్షరాలు మీ ఫైలులోకి వచ్చాయి కానీ బొమ్మలు రాలేదు, వాటి లింకులు మాత్రమే వచ్చాయి. నోట్‌ను సోర్స్ మోడ్‌లో, అంటే దాని ముడి రూపంలో చూస్తే బొమ్మ ఉండాల్సిన చోట ఒక ఆశ్చర్యార్థకం, బ్రాకెట్లు, ఆ సైటు చిరునామా కనిపిస్తాయి. సైటు వాళ్లు ఆ బొమ్మ తీసేసిన రోజున మీకూ పోతుంది. అబ్సిడియన్‌లో కమాండ్ ప్యాలెట్ (ఆదేశాల జాబితా) తెరిచి 'డౌన్‌లోడ్ అటాచ్‌మెంట్స్ ఫర్ కరెంట్ ఫైల్' అన్నది నడపండి, బొమ్మలు మీ ఫోల్డర్‌లోకి వచ్చేస్తాయి. ముఖ్యమైన నోట్స్‌కు ఇది అప్పటికప్పుడే చేయండి, తర్వాత చూద్దాంలే అనుకుంటే కుదరదు.

ప్రశ్న: ఇన్‌స్టాల్ చేయబోతే 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు' అని వచ్చింది. టెన్షన్ పడి ఆపేశాను. ఇది మామూలేనా?

జవాబు: మామూలే, అయినా మీరు ఆగి ఆలోచించడం మంచి పని. పేజీని చదవకుండా దాన్ని కాపీ చేయడం కుదరదు కాబట్టి ఆ అనుమతి అడుగుతారు. కాకపోతే ఎప్పుడూ అన్ని సైట్లూ చదవాల్సిన అవసరం దానికి లేదు. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ వివరాల్లోకి వెళ్లి సైట్ యాక్సెస్‌ను 'ఆన్ క్లిక్' అని మార్చుకుంటే మీరు ఆ ఎక్స్‌టెన్షన్ గుర్తు నొక్కినప్పుడే ఆ పేజీని చదువుతుంది. బ్యాంకు పనులకు ఏ ఎక్స్‌టెన్షనూ లేని వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. నోట్స్ యాప్ తయారుచేసిన వాళ్లదే తీసుకోండి, అదే పేరును పోలిన వాటి జోలికి పోకండి. వాడనివి తీసేయండి, ఎందుకంటే ఎక్స్‌టెన్షన్‌లు చేతులు మారుతుంటాయి, వాటిని కొనుక్కున్నవాళ్లు ఎలాంటివాళ్లో మనకు తెలియదు.

ప్రశ్న: జోప్లిన్ క్లిప్పర్ నొక్కితే యాప్ దొరకడం లేదంటోంది.

జవాబు: కంప్యూటర్‌లో జోప్లిన్ యాప్ తెరిచి ఉండాలి, దాని సెట్టింగ్స్‌లో వెబ్ క్లిప్పర్ సర్వీస్‌ను ఆన్ చేసి ఉండాలి. ఈ రెండూ అయితే చాలు.

ప్రశ్న: క్లిప్ చేసినవి వెయ్యి దాటాయి. వెతికితే కావాల్సింది దొరకదు, ఎందుకు దాచానో గుర్తురాదు. ట్యాగులు ఎలా పెట్టుకోవాలి?

జవాబు: ట్యాగుల సంగతి తర్వాత చూద్దాం. క్లిప్ చేసేటప్పుడు నోట్ పైన మీ మాటల్లో ఒక్క వాక్యం రాయండి, 'ఫలానా అధ్యాయంలో రెండో వాదనకు ఇందులోని మూడో పేరా పనికొస్తుంది' అన్నట్టు. రేపు మీరు వెతికేది మీకు తోచే మాటలతోనే, ఆ వ్యాసం రాసినాయన మాటలతో కాదు. అందుకే మీ వాక్యం ఉన్న నోట్ ఇట్టే దొరుకుతుంది. పాత వెయ్యినీ సర్దుకుంటూ కూర్చోకండి, ఏదైనా మళ్లీ తెరిచినప్పుడు దానికి ఆ వాక్యం రాసి పెట్టండి. మూసేలోపు రాయడానికి ఒక్క వాక్యం కూడా తోచలేదంటే ఆ పేజీని తీసేసినా మీకేం నష్టం ఉండదు.