పాఠకుల ప్రశ్నలు: ‘మోయలేనంత భారం దేవుడు మోపడు’ అన్నది వాక్యమేనా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. పోయిన వానాకాలంలో నా భర్త గుండెపోటుతో హఠాత్తుగా ప్రభువునందు నిద్రించారు. పిల్లలిద్దరూ ఇంకా బడికి వెళ్లే వయసువాళ్లు. మాకు ఎకరంన్నర పట్టా భూమి ఉంది, దానికి తోడు నాలుగెకరాలు కౌలుకు తీసుకొని పత్తి వేశాము. ఆ పెట్టుబడి అప్పు అలాగే ఉంది, ఇచ్చినవాళ్లు ఇంటికి వస్తున్నారు. ఆదరణ కూడికలో ఒకరు ‘మోయలేనంత భారం దేవుడు మోపడమ్మా’ అన్నారు, మరొకరు ‘అంతా మన మంచికే’ అన్నారు, ఇంకొకరు ‘తనకు తాను సాయం చేసుకొనేవాళ్లకే దేవుడు సాయం చేస్తాడు, ధైర్యం తెచ్చుకో’ అన్నారు. ఇవన్నీ బైబిలులో ఎక్కడున్నాయి? నేను మాత్రం మోయలేకపోతున్నాను. సంఘంలో పాట పాడబోతే గొంతు రావడం లేదు. నా విశ్వాసం చిన్నదనుకోవాలా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందుగా మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. మీరు రాసిన మూడు మాటల్లో ఏ ఒక్కటీ మీరు విన్న రూపంలో బైబిలులో లేదు. రెండు మాటలు వాక్యానికి దగ్గరగా వినిపిస్తాయి, మూడవదానికి ఆ పోలిక కూడా లేదు. చెప్పినవారు మీ మేలు కోరే చెప్పి ఉంటారు, వారిమీద కోపం పెట్టుకోకండి. అయితే మంచి మనసుతో అన్న మాట కూడా ఒక్కోసారి దుఃఖంలో ఉన్న మనిషి నెత్తిన మరో మూట పెడుతుంది, మీ విషయంలో అదే జరిగింది.

మొదటి మాటకు ఆధారంగా మన సంఘాల్లో చూపేది 1 కొరింథీయులకు 10:13: “మీరు సహింపగలిగినంతకంటె ఎక్కువగా ఆయన మిమ్మును శోధింపబడనియ్యడు.” ఆ అధ్యాయాన్ని మొదటినుంచి చదివితే, ఆ పత్రిక రాసిన అపొస్తలుడైన పౌలు అక్కడ మాట్లాడుతున్నది భర్తను పోగొట్టుకోవడం గురించి కాదనీ, అప్పుల గురించి కాదనీ తెలుస్తుంది. ఇశ్రాయేలీయులు అరణ్యంలో విగ్రహారాధనకూ వ్యభిచారానికీ లొంగిపోయిన సంగతి చెప్పి, అటువంటి పాపానికి ఈడ్చే శోధన వచ్చినప్పుడు తప్పించుకొనే మార్గం దేవుడు తప్పక చూపుతాడని ఆయన అంటున్నాడు. ఆ వచనంలో ‘దేవుడు నమ్మదగినవాడు’ అని ఉందే తప్ప, ‘నీవు బలమైనదానివి, నీవు మోయగలవు’ అని లేదు.

భారం గురించి అదే పౌలు తన సంగతి చెప్పుకొన్న చోటు మరొకటి ఉంది. మీరు ఈ రాత్రి పిల్లలు పడుకొన్నాక 2 కొరింథీయులకు 1వ అధ్యాయం 8, 9 వచనాలు నెమ్మదిగా చదవండి. ఆసియలో తనకు కలిగిన శ్రమను గురించి ఆయన “మేము బ్రదుకుదుమను నమ్మకములేక యుండునట్లుగా, మా శక్తికి మించిన అత్యధిక భారమువలన క్రుంగిపోతిమి” అని రాశాడు. శక్తికి మించిన భారం! దేవుడు మోయలేనంత భారం మోపడన్న మాటే నిజమైతే పౌలు ఈ వాక్యం రాసి ఉండేవాడే కాదు. పైగా ఆయన దానిని సిగ్గుపడే సంగతిగా దాచుకోలేదు, కొరింథు సంఘమంతటికీ తెలియాలని రాశాడు. ఎందుకు అలా జరిగిందో కూడా తర్వాతి వచనంలో చెప్పాడు: “మృతులను లేపు దేవునియందే గాని, మాయందే మేము నమ్మిక యుంచకుండునట్లు.”

నాకు ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ‘నీవు మోయగలిగినంతే ఇస్తాడు’ అన్న మాట మీ చూపును మీ భుజం మీదికి తిప్పుతుంది, ఆ భుజం కుంగితే తప్పు మీదే అన్నట్లు చేస్తుంది. పౌలు మాట మీ చూపును మృతులను లేపే దేవునివైపు తిప్పుతుంది. మీరు ‘మోయలేకపోతున్నాను’ అని రాసిన వాక్యం అవిశ్వాసం కాదు, పౌలు నిలబడిన చోటే మీరూ నిలబడి రాసిన వాక్యం. ఇక పాట సంగతి అంటారా, కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన మొదటినుంచి చివరి వరకు మొరే, ఆఖరి మాట కూడా చీకటే. దేవుడు దానిని తన ప్రజల పాటల్లోనుంచి తీసివేయలేదు. గొంతు రాని రోజున పక్కనున్నవారు పాడుతుంటే కూర్చొని వినండి, అదీ ఆరాధనే.

‘అంతా మన మంచికే’ అన్నది మన ఊళ్లలో అందరి నోటా ఉండే మాట. వేలు తెగిన రాజు, ఆ మాట అన్నందుకు చెరసాల పాలైన మంత్రి, చివరకు ఆ తెగిన వేలే రాజు ప్రాణం కాపాడిన కథ మీరూ వినే ఉంటారు. కథలో మంచి ఏమిటో త్వరలోనే తేలిపోతుంది. రోమీయులకు 8:28 అలాంటి హామీ ఇవ్వదు. దేవుని ప్రేమించేవారికి మేలు కలగడానికి సమస్తమూ సమకూడి జరుగుతున్నాయని చెబుతుందే కాని, జరిగినదంతా మంచిదని చెప్పదు. ఆ మేలు ఏమిటో 29వ వచనం చెబుతుంది: క్రీస్తు పోలికలోకి మనం మారడం. మరణాన్ని బైబిలు కడపట నశింపజేయబడే శత్రువు అన్నది. చనిపోయిన తన స్నేహితుడు లాజరును కొద్ది నిమిషాల్లో లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. మీ ఇంట జరిగినదానిని మీరు మంచి అని పిలవనవసరం లేదు.

మూడవ మాట ఒక పాత గ్రీకు నీతికథ నీతి. బండి చక్రం బురదలో దిగబడితే బండివాడు దేవుడిని పిలుస్తూ కూర్చున్నాడట, ముందు నీ భుజం చక్రానికి ఆనించు అని ఆ దేవుడు మందలించాడట. 1736లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పంచాంగంలో ఆ నీతిని అచ్చువేశాక అది మరింతగా వ్యాపించింది. “మనమింక బలహీనులమై యుండగా” క్రీస్తు మనకొరకు చనిపోయాడన్న రోమీయులకు 5:6 దీనికి పూర్తిగా ఎదురుగా నిలుస్తుంది. తమకు తాము సాయం చేసుకోలేనివారి దగ్గరికే సువార్త వచ్చింది.

అంటే చేతులు ముడుచుకొని కూర్చోమని కాదు. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అని మన పెద్దలు నమ్మకంగా అన్నారు. ఆ మాట అన్న నేల మీదే కాకతీయుల కాలంలో పాకాల చెరువుకు కట్ట కూడా కట్టారు. యెరూషలేము గోడ కట్టించిన నెహెమ్యా ప్రార్థన చేసి రాత్రింబగళ్లు కావలి పెట్టాడు. నమ్మకానికీ పనికీ తగవు లేదు, పని చేయగలిగితేనే దేవుడు దగ్గరికి వస్తాడనడంతోనే తగవు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు 2 రాజులు 4వ అధ్యాయంలోని విధవరాలు గుర్తుకు వచ్చింది. భక్తిగల భర్త పోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకులను పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ప్రవక్త ఆమెకు సామెత చెప్పలేదు, నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు, ఇరుగుపొరుగు పాత్రలను తెప్పించాడు, ఆమె దగ్గరున్న కొంచెం నూనెతోనే అవన్నీ నిండాక ఆ నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడు. అందుకే నేనూ అడుగుతున్నాను. మీ వారి పేర పట్టా ఉందా? ఆయన రైతుబీమాలో నమోదై, వయసు 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి ఉంటే, మరణానికి కారణం ఏదైనా నామినీకి 5 లక్షల రూపాయలు రావాలి. 2018 ఆగస్టు నుంచి ఈ పథకం ఉంది. పాసుపుస్తకం, మరణ ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్ కార్డులు తీసుకొని మీ వ్యవసాయ విస్తరణ అధికారిని వెంటనే కలవండి, సంఘపెద్దలలో ఒకరిని తోడు తీసుకెళ్లండి.

సంఘానికి కూడా ఒక మాట. చాలా ఏళ్ల క్రితం ఇటువంటి ఇంటికే నేను ఆదరణకు వెళ్లాను. ముందు గదిలో సగం దాకా పత్తి పోసి ఉంది, మేమంతా ఆ కుప్ప పక్కన చాప మీద కూర్చొని వంతులవారీగా వాక్యాలు చెప్పాము, నేను అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాను. ఒక ముసలి తల్లి మాత్రం ఒక్క మాటా అనలేదు. లోపలికి వెళ్లి పిల్లల తలలు దువ్వి జడలు వేసింది. మరునాడు తెల్లవారేసరికి నడుముకు ఒడి కట్టుకొని నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకొని ఆ ఇంటివాళ్ల చేనుకు వెళ్లింది, పగిలిన పత్తి నేల రాలకముందే కూలి అడగకుండా ఏరి తెచ్చింది. ఒకని భారములనొకడు భరించమన్న గలతీయులకు 6:2 మీద నేను ఆ తర్వాత ఎన్నిసార్లు ప్రసంగించినా, ఆమె ఒడిలోని పత్తే కళ్లముందుకు వస్తుంది.

ప్రశ్న: డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో నాకు వాగ్దానపు కార్డు యిర్మీయా 29:11 వచ్చింది. ‘సమాధానకరమైన ఉద్దేశములు’ అన్న ఆ మాటను నమ్మి హన్మకొండలో గది తీసుకొని పోటీపరీక్షకు చదివాను. ఎంపిక కాలేదు. ఇంట్లో అమ్మకు ఇంకా చెప్పలేదు. దేవుడు మాట తప్పాడా? – ఒక యువకుడు, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, దేవుడు మాట తప్పలేదు. ఆ కార్డు మీద సగం ఉత్తరమే ఉంది. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని దేవాలయంలో ప్రకటించాడు. యిర్మీయా కూడా ‘ఆమేన్, అలాగే జరగాలి’ అన్నాడు, ఆయన మనసులోనూ అదే కోరిక ఉంది. అయినా దేవుడు ఆయనతో చెప్పించిన గడువు డెబ్బది సంవత్సరాలు. 11వ వచనానికి సరిగ్గా ముందున్న 10వ వచనంలోనే ఆ లెక్క ఉంది, కార్డులో అది పట్టలేదు.

డెబ్బది ఏళ్లంటే ఉత్తరం అందుకొన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడలేదు. అయినా ఇండ్లు కట్టుకోమనీ, తోటలు నాటమనీ, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమనీ వారికి ఆజ్ఞ వచ్చింది. చెరలో ఉన్న ఆ దినాలను కూడా దేవుడు తన ఉద్దేశంలోనే లెక్కగట్టాడు. మీ చదువుల ఏడాదిని కూడా ఆ విధంగానే చూడమంటాను. ఫలానా ఉద్యోగం ఇస్తానని దేవుడు మీకు ఆ వచనంలో చెప్పలేదు, తన ప్రజలను విడువనని చెప్పాడు. మళ్లీ రాయాలా, వేరే పని చూసుకోవాలా అన్నది ప్రార్థించి, మిమ్మల్ని ఎరిగిన పెద్దలతో కూర్చొని తేల్చుకోవలసిన విషయం.

కార్డును చింపవద్దు. 28, 29 అధ్యాయాల మధ్య దానిని పెట్టి, రెండు అధ్యాయాలూ ఒక్క కూర్చున్న పట్టున చదవండి. దానికంటే ముందు ఈ ఆదివారం బస్సెక్కి ఇంటికి వెళ్లి అమ్మకు ఫలితం సంగతి చెప్పండి.