హాడ్జ్‌కిన్స్ లింఫోమా: రిపోర్టులో రాసిన రకాన్ని బట్టి చికిత్స మారుతుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. మూడు నెలల క్రితం మెడకు ఎడమవైపు నొప్పి లేని బిళ్ల కట్టింది. సూదితో నీరు తీసి చేసిన పరీక్షలో ఏమీ తేలలేదు. తర్వాత గడ్డ మొత్తం తీసి బయాప్సీకి పంపితే ‘క్లాసికల్ హాడ్జ్‌కిన్స్ లింఫోమా, నాడ్యులర్ స్క్లిరోసిస్’ అని వచ్చింది. ఈ జబ్బులో అయిదు రకాలున్నాయని చదివాం. వాటిలో ఇది ప్రమాదకరమైనదా? మొదటి పరీక్షలోనే ఎందుకు బయటపడలేదు? మా ఇంట్లో మిగతావాళ్లకూ వస్తుందా? – ఒక పాఠకురాలు

జవాబు: హాడ్జ్‌కిన్స్ లింఫోమా అంటే లింఫ్ గ్రంథుల్లో మొదలయ్యే ఒక క్యాన్సర్. మీ తమ్ముడి రిపోర్టులో ముందుగా చూడాల్సిన మాట ‘క్లాసికల్’. మీరు చదివిన అయిదు రకాల్లో నాలుగు ఈ క్లాసికల్ వర్గంలోకే వస్తాయి. హాడ్జ్‌కిన్స్ బాధితుల్లో దాదాపు 95 శాతం మందిది ఇదే వర్గం కాగా, ఆ నాలుగింటికీ ఇప్పుడు ఒకే తరహా చికిత్స చేస్తున్నారు. కాబట్టి ‘నాడ్యులర్ స్క్లిరోసిస్’ అన్న మాట చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు. నిజానికి ఆ నాలుగింటిలో అతి ఎక్కువగా కనిపించేదీ, యువతలో ఎక్కువగా వచ్చేదీ ఇదే. చికిత్సకూ బాగా లొంగుతుంది.

సూది పరీక్షలో జబ్బు తేలకపోవడానికి కారణం దీని స్వభావంలోనే ఉంది. చాలా క్యాన్సర్లలో గడ్డ నిండా క్యాన్సర్ కణాలే ఉంటాయి. ఇందులో అలా కాదు. అసలు క్యాన్సర్ కణాలు గడ్డలో తరచూ నూటికి ఒకటో రెండో మాత్రమే ఉంటాయి. మిగిలినదంతా వాటి చుట్టూ చేరిన లింఫోసైట్లు, ఇయోసినోఫిల్స్, ప్లాస్మా కణాలు వంటి మామూలు రోగనిరోధక కణాలే. పైగా నాడ్యులర్ స్క్లిరోసిస్‌లో గట్టి పీచు పట్టీలు ఏర్పడి గ్రంథిని ముద్దలు ముద్దలుగా విడదీస్తాయి కనుక, సూదికి వచ్చే కణాలే తక్కువ. అందుకే లింఫోమా అనుమానం ఉన్నప్పుడు వీలైతే గ్రంథి మొత్తాన్ని తీసి పరీక్షించాలంటాం. సూది పరీక్షలో ఏమీ లేదన్నారని నెలల తరబడి ఊరుకున్నవారినీ, నిర్ధారణ లేకుండానే క్షయ మందులు వాడినవారినీ మేం తరచుగా చూస్తుంటాం. మీరు ఆగిపోకుండా గడ్డ తీయించడం మంచిదైంది.

మైక్రోస్కోపు కింద వెతికేది రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాల కోసం. పెద్దగా, తరచూ రెండు కేంద్రకాలతో, ఒక్కో కేంద్రకంలో కొట్టొచ్చినట్టు కనిపించే చుక్కతో గుడ్లగూబ కళ్లలా ఉంటాయవి. ఇవి బి-లింఫోసైట్లు అనే ఒక రకం తెల్ల రక్తకణాల నుంచి పుట్టినవే అయినా, ఆ లక్షణాలను చాలావరకు పోగొట్టుకుని ఉంటాయి. అందువల్ల నిర్ధారణకు ప్రత్యేక రంగుల పరీక్ష (ఐహెచ్‌సీ) చేస్తారు. కణాలపై ఉండే సీడీ30, సీడీ15 వంటి గుర్తు ప్రొటీన్లను ఇందులో వెతుకుతారు. క్లాసికల్ రకంలో సీడీ30 పాజిటివ్‌గా, చాలామందిలో సీడీ15 కూడా పాజిటివ్‌గా, సీడీ45 నెగెటివ్‌గా ఉంటుంది. మీ రిపోర్టు చివర్లో ఈ వరుస ఉందేమో చూడండి. లేకపోతే పరీక్ష పూర్తయిందో లేదో డాక్టరును అడగండి.

ఇక మిగతా రకాల సంగతి. నాడ్యులర్ స్క్లిరోసిస్ ఎక్కువగా మెడలోనూ, ఛాతీ మధ్యభాగంలోనూ మొదలవుతుంది. మిక్స్‌డ్ సెల్యులారిటీ రకం పిల్లల్లోనూ, వయసు మళ్లినవారిలోనూ, హెచ్ఐవీ ఉన్నవారిలోనూ ఎక్కువ. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఆనవాళ్లు ఈ రకం కణాల్లో తరచుగా కనిపిస్తాయి. లింఫోసైట్-రిచ్ రకం సాధారణంగా తొలి దశల్లోనే బయటపడుతుంది. లింఫోసైట్-డిప్లీటెడ్ రకం చాలా అరుదు. అది బయటపడేసరికి తరచూ ముదిరి ఉంటుంది.

అయిదోది మాత్రం నిజంగా వేరు. నాడ్యులర్ లింఫోసైట్ ప్రెడామినెంట్ అనే ఈ రకంలో రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలకు బదులు ‘పాప్‌కార్న్ కణాలు’ ఉంటాయి. వాటిపై సీడీ20 ఉంటుంది, సీడీ30, సీడీ15 సాధారణంగా ఉండవు. నెమ్మదిగా పెరిగే ఈ జబ్బు తొలి దశలో ఉంటే కొందరికి రేడియేషన్ ఒక్కటే సరిపోతుంది. రిటుక్సిమాబ్ అనే మందూ పనిచేస్తుంది. అయితే చాలా ఏళ్ల తర్వాత తిరగబెట్టే గుణం, కొద్దిమందిలో వేరే రకం ఉద్ధృత లింఫోమాగా మారే గుణం దీనికున్నాయి. చికిత్సను మార్చే అసలు విభజన ఇదే. మీ తమ్ముడిది ఈ రకం కాదు.

మీ తమ్ముడి విషయంలో ఇప్పుడు తేలాల్సింది రకం కాదు, దశ. అందుకు ఒళ్లంతా జబ్బు ఎక్కడెక్కడుందో చూపే పెట్-సీటీ స్కాన్ చేయించాలి. ఒకే గ్రంథి ప్రాంతంలో ఉంటే మొదటి దశ. డయాఫ్రమ్‌కు (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర) ఒకే వైపు రెండు, అంతకంటే ఎక్కువ ప్రాంతాల్లో ఉంటే రెండోది. రెండు వైపులా ఉంటే మూడోది. కాలేయం, ఎముక మజ్జ వంటి చోట్లకు వ్యాపిస్తే నాలుగోది. దీనికి తోడు 38 డిగ్రీల సెల్సియస్ దాటే జ్వరం, రాత్రి బట్టలు తడిసేంత చెమట, ఆరు నెలల్లో పది శాతానికి మించి బరువు తగ్గడం అనే మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా దశ పక్కన ‘బి’ అని చేరుస్తారు. ఒళ్లంతా దురద కూడా ఉండవచ్చు గానీ, దాన్ని ఈ లెక్కలోకి తీసుకోరు. ఛాతీలో గడ్డ ఎంత పెద్దదన్నదీ చికిత్స నిర్ణయంలో ముఖ్యమే.

ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమోథెరపీని రెండు వారాలకోసారి ఇవ్వడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఇలాంటి రెండు డోసులు కలిస్తే ఒక సైకిల్. తొలి దశల్లో తక్కువ సైకిళ్లు, అవసరాన్ని బట్టి రేడియేషన్. ముదిరిన దశల్లో సాధారణంగా ఆరు సైకిళ్లు ఇస్తారు. రెండు సైకిళ్ల తర్వాత మళ్లీ పెట్ తీసి, ఫలితాన్ని బట్టి చికిత్సను తగ్గించడమో పెంచడమో చేస్తారు. బ్రెంటుక్సిమాబ్, నివోలుమాబ్ వంటి కొత్త మందులూ ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. తొలి దశల్లో పదిమందిలో సుమారు తొమ్మిది మందికి జబ్బు నయమవుతుంది. ముదిరిన దశలోనూ ఎక్కువమంది కోలుకుంటారు.

మొదటి డోసుకు ముందు గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు చేయించాలి. ఇందులోని డాక్సోరుబిసిన్ గుండెకు, బ్లియోమైసిన్ ఊపిరితిత్తులకు హాని చేయవచ్చు. చికిత్స వల్ల పిల్లలు పుట్టే సామర్థ్యం దెబ్బతినవచ్చు కనుక, వీర్యాన్ని భద్రపరచుకోవడం గురించి కూడా అప్పుడే మాట్లాడండి. ఈ వయసు కుర్రాళ్లు మొహమాటంతో దీన్ని దాటేస్తారు, హడావుడిలో మేమూ ఒక్కోసారి మరచిపోతుంటాం, కాబట్టి మీరే అడగడం మేలు. ఈలోగా పడుకుంటే ఆయాసం పెరిగినా, ముఖం, మెడ ఉబ్బినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇది అంటువ్యాధి కాదు. మీ తమ్ముడితో కలిసి తినడం వల్ల, ఒకే గదిలో పడుకోవడం వల్ల ఎవరికీ రాదు. తోబుట్టువులకు ముప్పు మిగతావారికంటే కొంత ఎక్కువన్నది నిజమే గానీ, అసలు జబ్బే అరుదైనది కనుక ఆ ఎక్కువ కూడా చాలా స్వల్పం. లక్షణాలేమీ లేకుండా మీకు గానీ, ఇంట్లో మరొకరికి గానీ స్కాన్లు అక్కర్లేదు. మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో బిళ్ల కట్టి మూడు, నాలుగు వారాలైనా తగ్గకపోతే అప్పుడు చూపించుకుంటే చాలు.