నానమ్మ చీరకు కత్తెర వేయక్కర్లేదు

ప్రశ్న: మాది బరంపురం. వైశాఖంలో మా అమ్మాయి పెళ్ళి. అబ్బాయి వాళ్ళది సోంపేట వైపు. రిసెప్షన్‌కి అమ్మాయి విశాఖలో 65,000 రూపాయల డిజైనర్ లెహంగా చూసి వచ్చింది. మా అత్తగారు తన పెళ్ళినాటి బరంపురం పట్టుచీర మనవరాలికేనని ఎప్పుడో చెప్పి ఉంచారు. అంత డబ్బు పోసే బదులు ఆ చీరనే కోసి లెహంగా కుట్టిద్దామన్నాను. అది విని ఆవిడ చీరను పెట్టెలో పెట్టి తాళం వేశారు. వారం నుంచి నాతో మాట్లాడటం లేదు. అమ్మాయేమో పాత చీర వద్దంటోంది. మావారు ‘మీరూ మీరూ తేల్చుకోండి’ అంటున్నారు. ఏం చేయను?

జవాబు: తన పెళ్ళిచీరను మనవరాలికి దాచి ఉంచిన మనిషి ముందు ‘కోసేద్దాం’ అనేశారు. డబ్బు ఆదా చేద్దామన్న మీ ఆలోచన మంచిదే. ఆవిడ చెవికి మాత్రం అది ‘ఈ చీర ఇక గుడ్డముక్కే’ అన్నట్టు వినపడింది. ముందు మీరే వెళ్ళి, ‘అత్తయ్యా, మిమ్మల్ని అడక్కుండా అనేశాను, తప్పు నాదే. చీర కొయ్యం’ అని చెప్పండి. దాని వెనక ‘కానీ’ అంటూ ఇంకో వాక్యం తగిలించకండి. ఆ పూట లెహంగా ఊసే ఎత్తకండి.

ఈ మాట ఆవిడ మనసు కుదుటపడటానికి మాత్రమే చెప్పడం లేదు. కుట్టుపని లెక్క చూసినా ఆ చీరను కోయకూడదు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత గీత వెంబడే బలహీనపడుతుంది. పైకి నిగనిగలాడుతుంది, మిషన్ సూది పడి, నడుం దగ్గర బిగువు తగలగానే చిరుగుతుంది. పైగా డిజైనర్ లెహంగాలు ఎక్కువగా కలీలతో, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ముక్కలతో కుడతారు. కలీ కింది అంచు వంపుగా వస్తుంది. చీర అంచేమో తిన్నగా నేసింది, అది వంగదు. కోసి అతికిస్తే ప్రతి కుట్టు దగ్గరా ఫోడా కుంభం, అంటే అంచు మీద గుడి గోపురాల్లా నేసిన డిజైన్, మొనలు విరిగి, ఒక గోపురం సగమే కనిపిస్తుంది. బరంపురం పట్టుకు పేరు తెచ్చిందీ, భౌగోళిక గుర్తింపు పత్రంలో ఉన్నదీ ఆ కుంభాల పేరే. దాన్నే ముక్కలు చేశాక మిగిలేది ఏముంటుంది?

కోయకుండానే లెహంగాలా కట్టే పద్ధతి ఉంది. చీర వెడల్పు 46 అంగుళాల వరకు ఉంటుంది. అయిదడుగుల నాలుగు అంగుళాల అమ్మాయికి నడుం నుంచి నేలకు దాదాపు 40, రెండు అంగుళాల మడమ చెప్పులతో 42 కావాలి. మిగతా నాలుగు అంగుళాలు, పై అంచుతో సహా, లోపలికి మడిచేయవచ్చు. నడుం 30 అంగుళాలైతే అంగుళం చొప్పున 30 కుచ్చులు పెట్టించండి. ఒక్కో కుచ్చు మూడు అంగుళాల గుడ్డ తింటుంది కాబట్టి 90 అంగుళాలు, అంటే 2.3 మీటర్లు అందులోకి పోతుంది. అయిదున్నర మీటర్ల చీరలో ఇంకా మూడు మీటర్లకు పైగా ఉంటుంది, ఒక చుట్టు తిప్పి పమిట భుజం మీదకు తేవడానికి చాలు. ఈ కుచ్చుల్ని రెండంగుళాల వెడల్పున్న గట్టి నూలు బెల్టుకు చేత్తో, సన్న సూదితో పొడుగు కుట్లు వేసి పట్టించాలి. మిషన్ వద్దు. కుట్టు జరీ మీద పడకూడదు, మడతకు దిగువనున్న సాదా పట్టు మీదే పడాలి. బెల్టుకు వెనక మూడు వరసల హుక్కులు పెట్టిస్తే, కొలత రెండంగుళాలు అటూఇటూ అయినా ఇబ్బంది ఉండదు.

దానికి ముందు చీర ఆ భారం మోస్తుందో లేదో చూడాలి. ఎండలో కాదు, నీడలో ఒక పూట ఆరవేయండి. తర్వాత ఇద్దరు చెరో వైపు పట్టుకుని కిటికీ వెలుగుకు ఎదురుగా ఎత్తండి. మడత గీతల వెంబడి సన్నటి వెలుగు చుక్కలు కనిపించాయా? నడుంలో దోపుకునే లోపలి కొస దగ్గర రెండు బొటనవేళ్ళతో మెల్లగా అటూ ఇటూ లాగండి. పోగులు విడిపోయినా, ‘చిర్’మని చిన్న చప్పుడైనా కుచ్చుల ఆలోచన మానేసి, కొంగు మాత్రం కనిపించేలా పైటగా వేయండి. నల్లబడ్డ జరీని నిమ్మకాయతోనో పళ్ళపొడితోనో తోమకండి. ఉన్న పూత కూడా పోతుంది.

ఇది ముహూర్తానికి వద్దు. పీటల మీద గంటలకొద్దీ కూర్చోవడం, తలంబ్రాలు, చెమట పాత పట్టుకు భారం. గౌరీపూజకు కట్టండి, గంట పని. ఆ పూటకు మేనమామ చీర ఆనవాయితీ ఉంటే, పెళ్ళికూతుర్ని చేసే రోజుకు మార్చుకోండి. అమ్మాయిని కూడా ‘కట్టుకో’ అని బలవంతపెట్టకండి. ఆ చీరను మీ చేతుల్లోంచి కాక నానమ్మ పెట్టెలోంచే చూడనివ్వండి. ‘నానమ్మా, నీ పెళ్ళిచీర ఒకసారి చూపించవూ’ అని తనే అడగాలి. అడిగి చూశాక కూడా వద్దంటే, ఆ మాట మర్యాదగా నానమ్మకు తనే చెప్పాలి. మధ్యలో మీరు కబురు మోయకండి.

ఇక ఆ 65,000. అమ్మాయికి రిసెప్షన్ బట్ట తను ఎంచుకునే హక్కుంది, మీకు ఎంత పెట్టగలరో చెప్పే హక్కుంది. ముందు అంకె చెప్పండి, తర్వాత కొట్టుకు వెళ్ళండి. అద్దం ముందు నిలబెట్టాక బేరం పెడితే ఏడుపే మిగులుతుంది. కొట్టులో రంగు కన్నా ముందు లెహంగా లోపలివైపు తిరగేసి చూపించమనండి. అస్తరు పాలిస్టర్ శాటిన్ అయితే బరంపురం వైశాఖపు ఉక్కకు, సముద్రపు తేమకు అది ఒంటికి అతుక్కుంటుంది, మెత్తటి నూలు అస్తరు అడగండి. చమ్కీలు అరచేత్తో పదిసార్లు రుద్దండి. జిగురుతో అంటించినవైతే చేతికి రెండు మూడు వస్తాయి, వేడి ఇస్త్రీ తగిలితే ఇంకా రాలుతాయి. కాటాలో తూయించండి. నాలుగు కిలోలు దాటితే మూడు గంటలు నిలబడేసరికి నడుం పట్టేస్తుంది, మెట్లెక్కడం కూడా కష్టమే. రంగును కొట్టు దీపాల కింద నమ్మకండి, దుపట్టా గుమ్మం దాకా తీసుకొచ్చి పగటి వెలుగులో అమ్మాయి ముఖం పక్కన పెట్టి చూడండి.

బ్లౌజు వేసుకుని రెండు చేతులూ పైకెత్తమనండి, నేల మీద కూర్చోమనండి. చంక దగ్గర పట్టేస్తే అది దండ వేసేటప్పుడే పిగులుతుంది. పెళ్ళి ముందు అమ్మాయిలు చిక్కుతారు, లేదా చుట్టాల విందులు తిని కాస్త పెరుగుతారు. అందుకని పక్క కుట్ల లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ వదిలారో లేదో వేలితో తడిమి చూడండి. మొదటి ట్రయల్ 20 రోజుల ముందు, చివరిది వారం ముందు, రెండిటికీ అవే చెప్పులతో. విశాఖకు అన్నిసార్లు రైలెక్కలేమనుకుంటే అదే డబ్బుతో బరంపురంలోనే కుట్టించడం మేలు, నా మాటగా చెబుతున్నాను. బిల్లు మీద ఇచ్చే తేదీ, సరిచేసే ఖర్చు ఎవరిదో రాయించుకోండి.

మీవారికి కూడా ఒక పని ఉంది. తల్లికీ భార్యకీ మధ్య మాట ఆగిపోయినప్పుడు తేల్చుకోండని పక్కకు జరగడం వల్ల అత్తగారు మరింత ఒంటరిదవుతారు. ఈ వారం ఒక సాయంత్రం ఆయన అమ్మ పక్కన కూర్చుని, పెళ్ళిలో ఏ పూటకి ఏ చీర అన్న జాబితా ఆవిడ నోటితోనే చెప్పించి కాగితం మీద రాయాలి. లెహంగా అంకె కూడా ఆయనే ఇంట్లో అందరి ముందు చెప్పాలి.

పెళ్ళయిన మర్నాడో, అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చిన రోజో, నానమ్మా మనవరాలూ కలిసి ఆ పొడుగు కుట్లు విప్పుకోవచ్చు. చిన్న కత్తెరతో దారం మాత్రమే తెంపాలి. చీరను ఈసారి పాత గీతల మీద కాకుండా కొత్తగా మడిచి, నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. మూడు నెలలకోసారి మడత మార్చండి.