సిగరెట్ డబ్బు మిగిలింది, ఎక్కడ పెట్టమంటారు?

ప్రశ్న: నా వయసు 48. ప్రైవేటు ఉద్యోగం. 24 ఏళ్లపాటు రోజుకో పెట్టె సిగరెట్లు తాగాను. ఆరు నెలల క్రితం ఆయాసంతో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఊదించి పరీక్ష చేసి, సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఓ మోస్తరు దశలో ఉందన్నారు. నెల తిరిగేలోపు సిగరెట్ మానేశాను. రోజూ ఇన్‌హేలర్ వాడమన్నారు. ఈ సంగతి నా భార్యకు ఇంకా చెప్పలేదు. సిగరెట్లకు జీతంలో 6 శాతం దాకా పోయేది. ఆ డబ్బును 60 ఏళ్లకు రిటైరయ్యే దాకా ఏదైనా ఫండ్‌లో వేస్తే ఎంతవుతుంది? పదేళ్ల క్రితం తీసుకున్న టర్మ్ జీవిత బీమా పాలసీ ఉంది. అందులో సిగరెట్ అలవాటు ఉందనే రాశాను. ఇప్పుడు మానేశాను కాబట్టి దాన్ని ఆపేసి, పొగతాగనివాళ్లకు ఇచ్చే తక్కువ ప్రీమియంతో కొత్తది తీసుకోమంటున్నాడు ఏజెంట్. ‘అలవాటు లేదని టిక్ పెట్టండి, ఎవరికి తెలుస్తుంది?’ అంటున్నాడు. ఇంకోటి, మూడో అంతస్తులో లిఫ్ట్ లేని ఫ్లాట్ ఒకటి తక్కువకు వస్తోంది. అడ్వాన్స్ ఇద్దామనుకుంటున్నా. రిటైర్మెంట్‌కు పెద్దగా ఏమీ దాచలేదు. ఎలాగూ ఎక్కువకాలం ఉంటానన్న నమ్మకం లేదు కదా.

జవాబు: ముందు ఏజెంట్‌కు ఫోన్ చేసి కొత్త పాలసీ వద్దని చెప్పేయండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

మీ ఇంట్లో ఇవాళ అన్నిటికన్నా విలువైన కాగితం ఆ పాత టర్మ్ పాలసీయే. జబ్బు లేనప్పుడు, అలవాటు దాచకుండా తీసుకున్నారు. ప్రీమియం మొదటినుంచి చివరిదాకా ఒకటే ఉండే రకమైతే, తర్వాత వచ్చిన సీఓపీడీ వల్ల అది పెరగదు. టైముకు కడుతున్నంతకాలం పాలసీకి ఢోకా లేదు. అదే కొత్తదానికి వెళ్తే ఇవాళ్టి మనిషిని చూసి ధర కడతారు. మానేసి ఏడాది నిండనిదే చాలా కంపెనీలు పొగతాగనివాళ్ల లెక్కలో వేసుకోవు. మీకు అయింది ఐదు నెలలే. రక్తంలోనో మూత్రంలోనో కొటినిన్ అనే పదార్థం ఉందేమో చూస్తారు. ఒంట్లో నికోటిన్ విరిగితే తయారయ్యేది అది. సిగరెట్ మానడానికి నికోటిన్ గమ్ నములుతున్నా, ప్యాచ్ పెట్టుకున్నా పరీక్షలో కనబడుతుంది. అది దాటినా సీఓపీడీ ఉండనే ఉంది. ప్రీమియం మీద అదనం వేస్తారు, లేదా అసలు పాలసీయే ఇవ్వమంటారు. ఈలోగా పాతది ఆపేసి ఉంటే రెండూ పోయినట్టే.

ఇక ‘ఎవరికి తెలుస్తుంది’ అన్న మాట. ఆస్పత్రిలో చేరగానే కేస్‌షీట్ రాసే డాక్టర్ అడిగే మొదటి నాలుగైదు ప్రశ్నల్లో ‘సిగరెట్ అలవాటుందా, రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు?’ అనేది ఉంటుంది. రోజుకో పెట్టె లెక్కన 24 ఏళ్లంటే ‘24 ప్యాక్ ఇయర్స్’ అని అక్కడే రాసేస్తారు. ఊపిరాడక మంచం మీద కూర్చున్న మనిషి డాక్టర్‌కు అబద్ధం చెప్పడు, చెప్పకూడదు కూడా. రేపు మీ ఆవిడ క్లెయిమ్‌కు వెళ్తే కంపెనీ అడిగేది ఆ కాగితాలనే. అప్పటికి ఏజెంట్ తన కమిషన్ ఖర్చు పెట్టుకుని కూడా చాన్నాళ్లయి ఉంటుంది.

మానేసి ఏడాది దాటాక పాత కంపెనీనే ‘అలవాటు మానేశాను, ప్రీమియం తగ్గిస్తారా?’ అని అడగొచ్చు. కొన్ని కంపెనీలు తగ్గిస్తాయి. కాకపోతే అలా అడిగితే ఆరోగ్య పరీక్షలు మళ్లీ మొదటినుంచి పెడతారేమో ముందు కనుక్కోండి. పెడతామంటే అడగడం మానేసి, కడుతున్నదే కట్టుకుంటూ పోండి.

ఇప్పుడు మీరు అడిగిన లెక్క. ఒక నెల సిగరెట్ డబ్బును ఒక వాయిదా అనుకుందాం. 12 ఏళ్లకు 144 వాయిదాలు. ఏడాదికి 10 శాతం రాబడి వచ్చిందనుకుంటే చివరికి సుమారు 276 వాయిదాల డబ్బు చేతికొస్తుంది. దాదాపు రెట్టింపు. అయితే ఈలోగా ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఆ 276కు ఉండే విలువ ఇవాళ్టి లెక్కలో 137 వాయిదాలే. పైగా 10 శాతం అన్నది నేను అనుకున్నది, ఎవరూ రాసిచ్చేది కాదు. మంచి మొత్తమే, కానీ జీవితాన్ని మార్చేసేంత కాదు. అందుకని దీన్ని మొదటి రోజునుంచే ఫండ్‌లో వేయాలన్న తొందరేమీ లేదు. ఆ డబ్బుతో అంతకంటే ముందు చేయాల్సిన పని ఉంది.

ఆ పని మీ ఊపిరితిత్తులది. మీ రోజువారీ ఇన్‌హేలర్ డబ్బాలో 120 పఫ్‌లు ఉండి, పొద్దున రెండు, రాత్రి రెండు పీల్చమని రాసి ఉంటే అది సరిగ్గా 30 రోజులొస్తుంది. (మీ చీటీలో ఏం రాశారో, డబ్బా మీద ఎన్ని పఫ్‌లని ఉందో చూసి మీ లెక్క మీరు వేసుకోండి.) ఏడాదికి పన్నెండు చాలవు, నెలకు 30 రోజులే ఉండవు కదా. ఒకటి ఎప్పుడూ అదనంగా ఉండాలి. కాబట్టి పదమూడు కొనాలి. నా దగ్గరికి వచ్చే ఒకాయన లెక్కల్లో దిట్ట, పైసా వృథా కానివ్వడు. ఆయన ఒక ఇన్‌హేలర్‌ను రెండు నెలలు లాగేవాడు. ‘ఆయాసం లేని రోజు ఎందుకు దండగ?’ అనేవాడు. డబ్బా వెనక అంకెల మీటర్ తిప్పి చూపించి ‘చూడండి, ఇంకా 64 మిగిలాయి’ అని సంబరపడ్డాడు కూడా. ఆ చలికాలం జలుబు ఛాతీలోకి దిగి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. బీమా పోను ఆయన జేబులోంచి కట్టిన బిల్లు రెండేళ్ల ఇన్‌హేలర్ల ఖర్చు కన్నా ఎక్కువ.

సీఓపీడీలో ఇంటి బడ్జెట్‌ను పడగొట్టేది నెలనెలా మందుల ఖర్చు కాదు. ఉన్నట్టుండి జబ్బు ముదిరే ఆ విడతలే. ఒక్కో విడతలో ఊపిరితిత్తులు కొంత దెబ్బతింటాయి, కొన్నాళ్లు జీతమూ పోతుంది. రోజువారీ ఇన్‌హేలర్, ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా ఆ విడతలను తగ్గించడానికే. ఆయాసం లేని రోజున కూడా పీల్చమనేది అందుకే.

కాబట్టి ఒక వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. జీతం పడిన రోజే ఆ 6 శాతం అందులోకి వెళ్లిపోవాలి. ‘నెలాఖరుకు మిగిలింది వేస్తాను’ అంటే ఏమీ మిగలదు. ఇది సొంత అనుభవం. నేనూ పదకొండేళ్లు తాగి మానేసినవాణ్నే. మానేసిన మొదటి మూడు నెలలూ చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్లేది, పెట్టె కోసం. పెట్టె ఉండేది కాదు, డబ్బూ ఉండేది కాదు. సిగరెట్ డబ్బు చిల్లరగా పోతుంది. మానేసినా ఆ చిల్లర ఇంకేదో దానికి చిల్లరగానే పోతుంది.

మొదటి ఏడాది ఆ ఖాతాలోంచే మందులు, టీకాలు, డాక్టర్ ఫీజు, ఏటేటా ఊదే పరీక్ష. పల్మనరీ రిహాబ్ అని ఆరు నుంచి పన్నెండు వారాల వ్యాయామ శిక్షణ ఉంటుంది. డాక్టర్ రాస్తే దానికి డబ్బు వెనకాడకండి. ఆయాసం తగ్గి, నడవగలిగే దూరం పెరుగుతుంది. ఏడాది తిరిగాక మీ నెల ఖర్చు ఎంతో కచ్చితంగా తెలుస్తుంది. ఆరు నెలల మందుల డబ్బు, ఆస్పత్రి బిల్లులో బీమా ఇవ్వని వాటాకు సరిపడా మొత్తం ఖాతాలో ఉంచి, పైన ఉన్నది అప్పుడు ఫండ్‌లో వేయండి. సిగరెట్ ధర పెరిగినప్పుడల్లా వాయిదా కూడా అంతే పెంచండి. తాగుతూ ఉంటే నోరెత్తకుండా కట్టేవాళ్లమే కదా.

ఖాతాలో డబ్బు ఏడాదిపాటు తీసుకునే వీలుండేలా పెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. మొదటి ఏడాదిలో మళ్లీ ఒకటి వెలిగించేవాళ్లు చాలామంది. మీకూ అలా జరిగితే ‘అంతా అయిపోయింది’ అనుకుని ఖాతా మూసేయకండి. మర్నాడే డాక్టర్‌ను కలవండి. సిగరెట్ యావను తగ్గించే వారెనిక్లిన్ లాంటి మాత్రలు, గమ్, ప్యాచ్, కౌన్సెలింగ్, వేటికి ఖర్చయినా ఈ ఖాతాలోంచే. ఆ మాత్రలు మామూలుగా 12 వారాల కోర్సు. ఎంత ఖర్చయినా 12 వారాలకే, సిగరెట్‌కు అలాంటి గడువేమీ ఉండదు.

ఈ ఖాతాలోంచి కొనకూడనివి రెండు. ‘ఊపిరితిత్తులు కడిగేస్తుంది’ అని అమ్మే పొడులు, టానిక్కులు ఒకటి. పేరుకున్న పొగను కడిగే మందు లేదు. మానేసిన కొన్నాళ్లకు ఊపిరి గొట్టాల లోపలి సన్నని నూగు మళ్లీ పనిచేయడం మొదలుపెట్టి కఫాన్ని అదే పైకి నెడుతుంది. ఆ రోజుల్లో దగ్గు కాస్త పెరిగినట్టు అనిపించేది అందుకే. రెండోది, భయంతో ముందే కొనిపెట్టుకునే ఆక్సిజన్ మిషన్. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా రక్తంలో ఆక్సిజన్ 88 శాతం, అంతకన్నా కిందకు పడిపోతోందని పరీక్షల్లో తేలినవాళ్లకు రోజుకు కనీసం 15 గంటలు వాడమని రాస్తారు. మీకు ఎవరూ రాయలేదు. రాసిన రోజున కూడా ముందు అద్దెకు తెచ్చుకుని చూడొచ్చు.

ఇక మీరు చివర్లో రాసిన ఆ మాట. రిచర్డ్ డాల్, రిచర్డ్ పీటో బృందం బ్రిటన్‌లో 34 వేల మందికి పైగా మగ డాక్టర్లను 1951 నుంచి 50 ఏళ్లపాటు గమనించింది. 40 ఏళ్లకు సిగరెట్ మానినవాళ్లకు సుమారు 9 ఏళ్ల ఆయుష్షు, 50 ఏళ్లకు మానినవాళ్లకు సుమారు 6 ఏళ్లు కలిసొచ్చాయని 2004లో లెక్క తేల్చింది. మీరు ఆ రెండిటికీ మధ్యలో మానేశారు. అది సగటు లెక్కే, మీకు సీఓపీడీ ఉందన్నదీ నిజమే. దానికీ ఒక లెక్క ఉంది. తొలి, మధ్య దశల్లో ఉన్నవాళ్ల మీద అమెరికా, కెనడాల్లో జరిగిన లంగ్ హెల్త్ స్టడీలో, ఒక్క సెకనులో ఊదగలిగే గాలి ఏటా ఎంత తగ్గుతోందో చూశారు. తాగుతూనే ఉన్న మగవాళ్లలో ఏడాదికి సుమారు 66 మిల్లీలీటర్లు, మానేసి మళ్లీ ముట్టనివాళ్లలో సుమారు 30. మీ 12 ఏళ్లకు చూస్తే తేడా 430 మిల్లీలీటర్ల పైమాటే. మా డబ్బు లెక్కల భాషలో చెప్పాలంటే పోయిన అసలు తిరిగి రాదు, కరిగే వేగం సగానికి పైగా పడిపోతుంది. అంటే మీరు 60 దాటాక కూడా చాలాకాలం ఉండే అవకాశం గట్టిగా ఉంది. ఆ కాలానికి డబ్బు కావాలి. ‘ఎక్కువకాలం ఉండను’ అనుకుని దాచకుండా ఉండి తీరా ఉండిపోతే, డెబ్బై ఏళ్ల వయసులో ఇన్‌హేలర్ డబ్బుకు పిల్లల వైపు చూడాలి. రిటైర్మెంట్ పొదుపు జీతంలోంచి విడిగా మొదలుపెట్టండి. సిగరెట్ డబ్బు దానికి తోడు మాత్రమే.

ఫ్లాట్ వద్దు. మూడు అంతస్తుల మెట్లు ఇవాళ మధ్యలో ఒకసారి ఆగి ఎక్కుతారేమో. ఇరవై ఏళ్ల అప్పు మీద కొంటే, అది తీరేనాటికి ఎలా ఎక్కుతారు? లిఫ్ట్ లేనందుకు తగ్గించిన ధర మీలాంటివాళ్లు తీసుకోకూడదనే తగ్గినట్టు అనుకోండి. ఉద్యోగం మారే ఆలోచన ఉంటే మాత్రం ముందు ఆఫీసు గ్రూపు ఆరోగ్య బీమాలో పాత జబ్బులకు ఏం వస్తుందో, బయట కొత్తది తీసుకుంటే ఎన్నాళ్లు ఆగాలో కాగితం మీద రాయించుకుని కదలండి.

మీ ఆవిడకు ఈ వారమే చెప్పండి. పరీక్ష రిపోర్టు, పాలసీ బాండు, ప్రీమియం రసీదులు, కొత్త ఖాతా వివరాలు ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైలు ఆమె ముందే తెరిచి మాట్లాడండి. నామినీగా ఎవరి పేరుందో అప్పుడే చూసుకోండి. పదేళ్ల కిందట రాసిన పేరు కదా.